ఒంట్లో వైరస్ ఉంటే పుట్టబోయే పిల్లల డీఎన్‌ఏ మారిపోతుందా?

జగిత్యాల జిల్లా నుంచి 28 ఏళ్ల పాఠకుడొకరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. అందులోని ముఖ్యమైన సంగతులివి.

ఆయన ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేశారు. దుబాయ్‌లో పని కుదిరింది. ఏజెంటు పంపితే హైదరాబాద్ వెళ్లి గల్ఫ్ మెడికల్ చేయించుకున్నారు. 'అన్‌ఫిట్' అని వచ్చింది. కారణం, రక్తంలో హెపటైటిస్ బి పాజిటివ్. అప్పటిదాకా ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు, ఇప్పటికీ లేదు. కరీంనగర్‌లో లివర్ డాక్టరును కలిస్తే మరికొన్ని టెస్టులు రాశారు. ఆ రిపోర్టులు ఉత్తరంతో పాటు పంపారు. వైరస్ జోరుగా పెరుగుతోందా అని చూసే హెచ్‌బీఈఏజీ నెగెటివ్. లివర్ దెబ్బతింటోందా అని చూసే ఎస్‌జీపీటీ 31, అంటే నార్మల్. కడుపు స్కానింగ్ నార్మల్. చివరి కాగితంలో 'హెచ్‌బీవీ డీఎన్‌ఏ: 1,840 ఐయూ/ఎంఎల్' అని ఉంది. "ఇప్పటికి మందులు అక్కర్లేదు, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకో" అని చెప్పి డాక్టరు తర్వాతి పేషెంటును పిలిచారట.

బస్సులో తిరిగి వస్తూ ఆ కాగితం చూసుకున్నారు. "నా డీఎన్‌ఏలో 1,840 చోట్ల తేడా వచ్చిందని అర్థం చేసుకున్నాను" అని రాశారు. ఫోన్‌లో వెతికితే ఒక వీడియో దొరికింది. హెపటైటిస్ బి వైరస్ మనిషి డీఎన్‌ఏలో కలిసిపోతుందని, ఇక జన్మలో పోదని, తరతరాలూ వెంటాడుతుందని అందులో చెప్పారు. వాళ్లమ్మ ఐదేళ్ల కిందట 51వ ఏట లివర్ క్యాన్సర్‌తో పోయారు. "అమ్మ నుంచి నాకొచ్చింది. నా నుంచి నా పిల్లలకు పోతుంది. ఈ వంశం నాతోనే ఆగిపోతే మంచిదేమో" అన్నది ఆయన రాసిన మాట.

రెండు నెలల్లో పెళ్లి. మేనమామ తెచ్చిన సంబంధం. అమ్మాయి పక్క మండలంలో ప్రైవేటు స్కూల్ టీచరు. నిశ్చితార్థమైనప్పటి నుంచి రోజూ మాట్లాడుకుంటున్నారు. రిపోర్టు వచ్చాక ఆమె ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నానని అబద్ధం చెప్పి పెట్టేస్తున్నారు. అన్నయ్యేమో "ఎవరికీ చెప్పకు, పెళ్లయ్యాక చూసుకుందాం" అంటున్నాడు. ఆ అన్నయ్యే పసరు మందు పోయించడానికి మూడు ఆదివారాలు ఒక ఊరికి తీసుకెళ్లాడు. వదిన మాత్రం కంచం వేరు చేసింది. స్టీలు గ్లాసు అడుగున నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టింది, తన పిల్లలు పొరపాటున అందులో నీళ్లు తాగకూడదని. ఏజెంటు 60 వేలిస్తే మెడికల్ 'సెట్' చేయిస్తానంటున్నాడు. నా డీఎన్‌ఏ మారిందా, పిల్లల్ని కనొచ్చా, అమ్మాయికి చెప్పాలా లేక ఏదో ఒక సాకుతో సంబంధం వదులుకోవాలా అని అడిగారు.

సమాధానం:

ముందు ఆ 1,840 సంగతి తేల్చేద్దాం. ఆ డీఎన్‌ఏ మీది కాదు, వైరస్‌ది. హెచ్‌బీవీ అంటే హెపటైటిస్ బి వైరస్. మీ రక్తం ఒక మిల్లీలీటరులో ఆ వైరస్ ఎంత ఉందో లెక్కగట్టి ఇచ్చిన సంఖ్య అది. మీ జన్యువుల్లో తప్పులెన్ని ఉన్నాయో చెప్పే పరీక్ష కానే కాదు. పైగా మీ లెక్క తక్కువే. ఇదే రిపోర్టులో కోట్లలో వచ్చేవాళ్లున్నారు. డాక్టరు ఇంకొక్క నిమిషం కూర్చోబెట్టి ఈ ముక్క చెప్పి ఉంటే మీకిన్ని నిద్రలేని రాత్రులు ఉండేవి కావు. ఈసారి వెళ్లినప్పుడు అడగాల్సినవి కాగితం మీద రాసుకుని వెళ్లండి. అన్నీ అడిగేదాకా కుర్చీలోంచి లేవకండి.

అయితే ఆ వీడియోను మొత్తం అబద్ధమని కొట్టిపారేయలేను. ఒక నిజాన్ని పట్టుకుని దాని చుట్టూ భయాన్ని అల్లారు. అందుకే అది అంత గట్టిగా తగులుకుంది మీకు.

వైరస్ మనిషి డీఎన్‌ఏను మార్చగలదా అంటే, ఏ వైరస్ అన్నది చూడాలి. జలుబు, ఫ్లూ, డెంగీ, చికున్‌గున్యా తెచ్చే వైరస్‌లు మన కణాన్ని వాడుకుని పిల్లల్ని పెట్టి వెళ్లిపోతాయి. మన డీఎన్‌ఏతో వాటికి పని లేదు. కరోనా కూడా ఆ కోవలోదే. దాని ముక్కలు మన డీఎన్‌ఏలో చేరే అవకాశం ఉందంటూ ల్యాబులో పెంచిన కణాల మీద చేసిన ప్రయోగమొకటి 2021లో వచ్చింది. దాన్ని మిగతా పరిశోధకులు గట్టిగా తప్పుబట్టారు. ఆటలమ్మ వైరస్ నరాల కణాల్లో ఏళ్ల తరబడి దాక్కుంటుంది, కానీ విడిగానే ఉంటుంది. హెచ్‌ఐవీ అలా కాదు. మన డీఎన్‌ఏలోకి చొరబడి అతుక్కోవడమే దాని బతుకుతెరువు. ఆర్‌ఎన్‌ఏను (కొన్ని వైరస్‌ల రాత డీఎన్‌ఏలో కాక ఇందులో ఉంటుంది) డీఎన్‌ఏగా తిరగరాసే ఎంజైము కొన్ని వైరస్‌లలో ఉందని 1970లో హోవార్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ కనిపెట్టారు. 1975లో నోబెల్ పంచుకున్నారు. హెచ్‌ఐవీ ఆ జాతిదే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ కూడా చాలామంది రోగుల కణతుల్లో డీఎన్‌ఏలో అతుక్కుని కనిపిస్తుంది.

ఇంకో సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. మీలో, నాలో, ఈ ఉత్తరం చదివే ప్రతి ఒక్కరిలో డీఎన్‌ఏలో దాదాపు 8 శాతం పాత వైరస్‌ల శిథిలాలే. లక్షల, కోట్ల ఏళ్ల కిందట మన పూర్వీకుల అండాల్లోనో వీర్యకణాల్లోనో దూరి, అక్కడే ఉండిపోయి, పిల్లలకు వచ్చినవి. వాటిలో ఒకదాని నుంచి వచ్చిన ప్రొటీన్ లేకపోతే తల్లి కడుపులో మాయ సరిగా ఏర్పడదు. కాబట్టి 'వైరస్ కలిసిన డీఎన్‌ఏ' అనగానే వంశం నాశనమైనట్టు అనుకోవాల్సిన పని లేదు. మనందరిదీ అలాంటి డీఎన్‌ఏనే.

ఇప్పుడు మీ వైరస్ దగ్గరికి వద్దాం. హెపటైటిస్ బి చాలా చిన్నది. దాని డీఎన్‌ఏ మొత్తం రాత దాదాపు 3,200 అక్షరాలే. మనిషిది 300 కోట్ల పైమాటే. అది లివర్ కణంలోకి వెళ్లాక దాని డీఎన్‌ఏ చిన్న రింగులా మారి కణం కేంద్రకంలో విడిగా కూర్చుంటుంది. కొత్త వైరస్‌లు తయారయ్యేది ఆ రింగు నుంచే. మన మందులు దాన్ని పూర్తిగా తీసేయలేకపోతున్నాయి, అందుకే ఈ జబ్బు ఏళ్ల తరబడి ఉండిపోతుంది. దీనికి తోడు, అప్పుడప్పుడు వైరస్ డీఎన్‌ఏ ముక్క ఒకటి తెగి, లివర్ కణం డీఎన్‌ఏలో ఎక్కడో ఒకచోట అతుక్కుంటుంది. వైరస్‌కు దానివల్ల లాభమేమీ లేదు, ఆ ముక్క నుంచి కొత్త వైరస్ పుట్టదు. కానీ అతుక్కున్న చోటు కణం పెరుగుదలను అదుపు చేసే జన్యువు పక్కన పడితే, ఏళ్లు గడిచాక ఆ కణం దారి తప్పొచ్చు. హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో లివర్ క్యాన్సర్‌కు ఉన్న కారణాల్లో ఇదొకటి. లివర్ ఏళ్లకేళ్లు వాచి, గాయపడి, మానుతూ గట్టిపడటం ఇంకో పెద్ద కారణం. వైరస్ ఉన్నవాళ్లందరికీ క్యాన్సర్ వస్తుందని కాదు. చాలామందికి రాదు. రాకుండా కాపు కాయాలి, అంతే.

మరి పిల్లల సంగతి? మీ పొలం పాసుబుక్కు జిరాక్సులు తీసి ఇంట్లో నాలుగు చోట్ల పెట్టారనుకోండి. ఒక కాపీ మీద ఎవరో పిచ్చి గీతలు గీశారు. రేపు మీ పిల్లల పేరు మీదికి పట్టా మారేది ఆఫీసులో ఉన్న రికార్డును చూసే గానీ ఆ జిరాక్సును చూసి కాదు. లివర్ కణంలోని డీఎన్‌ఏ ఆ గీతలు పడిన కాపీ. మీ బిడ్డకు వెళ్లేది వీర్యకణంలోని డీఎన్‌ఏ. లివర్‌లో జరిగిన మార్పు అక్కడికి పోదు. వీర్యకణాల్లో కూడా ఈ వైరస్ ముక్కలు కనిపించాయని కొందరు పరిశోధకులు రాసిన మాట వాస్తవం, మీరు రేపు వెతికితే అదీ తగులుతుంది కాబట్టి ముందే చెబుతున్నాను. కానీ అలా పిల్లలకు తరతరాలుగా దిగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో ఈ వైరస్‌తో బతుకుతున్నవాళ్లు 25 కోట్ల పైచిలుకు. మన దేశంలోనే దాదాపు 3 కోట్లు. వాళ్లకూ పిల్లలున్నారు. ఈ జబ్బు కుటుంబాల్లో పాకేది వైరస్ సోకడం వల్ల. జన్యువుల ద్వారా దిగే వంశపారంపర్య జబ్బు కాదిది.

మీ అమ్మగారి విషయంలోనూ అదే జరిగి ఉంటుంది. ఆమె రక్తంలో వైరస్ ఉంది, కాన్పు సమయంలో మీకు సోకింది. ఇదే ఎక్కువగా జరిగే దారి. పెద్దయ్యాక సోకితే నూటికి 95 మందికి ఒళ్లు దానంతటదే వైరస్‌ను తరిమేస్తుంది. పుట్టినప్పుడు సోకితే నూటికి 90 మందిలో ఉండిపోతుంది. ఇక్కడే ఒక్క ఇంజెక్షన్ తేడా తెస్తుంది. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు టీకా, తల్లి పాజిటివ్ అయితే దానితో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల) ఇంజెక్షన్ ఇస్తే చాలావరకు ఆగిపోతుంది. మీరు పుట్టిన రోజుల్లో ఆ టీకా పల్లెల దాకా రాలేదు. విదేశాల నుంచి వచ్చే టీకా మామూలు జనం కొనలేని ధర ఉండేది. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దేశంలోనే తయారు చేయడం మొదలుపెట్టాకే ధర దిగింది. దేశమంతటా ప్రభుత్వ టీకాల్లో చేరేసరికి 2011 వచ్చింది. మీ అమ్మకు ఎక్కడ సోకిందో ఇప్పుడు తేలదు. అప్పట్లో ఊరి ఆర్‌ఎంపీ ఒకే సూదిని నీళ్లలో మరిగించి అందరికీ వాడటం మీ నాన్నగారు చూసే ఉంటారు. ఇందులో అమ్మ తప్పు లేదు, మీ తప్పు అంతకన్నా లేదు.

ఒక్కటి అడుగుతాను. మీ అమ్మగారు లివర్ క్యాన్సర్‌తో పోయారని కరీంనగర్ డాక్టరుకు చెప్పారా? ఉత్తరంలో ఎక్కడా రాయలేదు, రెండు నిమిషాల్లో చెప్పి ఉండరనే అనుకుంటున్నాను. ఇది చాలా ముఖ్యం. మీ రిపోర్టులు మాత్రమే చూస్తే "ఇప్పుడు మందులు వద్దు" అన్న మాట సబబే. కానీ ఇంట్లో లివర్ క్యాన్సర్ ఉన్నవాళ్ల విషయంలో వైరస్ లెక్క, ఎస్‌జీపీటీ ఎలా ఉన్నా మందులు మొదలుపెట్టొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ కూడా మామూలుగా చెప్పే వయసు కంటే ముందే మొదలుపెట్టాల్సి రావొచ్చు. కాబట్టి ఆరు నెలలు ఆగకుండా ఈ నెలలోనే వెళ్లి చెప్పండి. మందులు రాస్తే రోజుకొక మాత్ర, టెనోఫోవిర్ లేదా ఎంటెకావిర్. అవి వైరస్ తయారీని ఆపుతాయి. కొత్త వైరస్ లేకపోతే కొత్త ముక్కలు అతుక్కునే అవకాశమూ తగ్గుతుంది. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018లో మొదలైంది, దాని కింద పరీక్షలు, మందులు ఉచితం. జిల్లా ఆసుపత్రిలో అడగండి. ఒకసారి మొదలుపెట్టాక బాగుంది కదా అని మీ అంతట మీరు మానేయకూడదు. అలా మానేస్తే వైరస్ ఒక్కసారిగా విజృంభించి లివర్ దెబ్బతిన్నవాళ్లున్నారు.

ఇక పెళ్లి.

మీకిష్టమైన అమ్మాయిని ఈ జబ్బు నుంచి కాపాడుకోవడం కష్టమేమీ కాదు. ముందు ఆమెకు రక్తపరీక్ష, వైరస్ గానీ రక్షణ గానీ ఇప్పటికే ఉందా అని. లేకపోతే మూడు డోసుల టీకా. మొదటిది ఇవాళ, రెండోది నెలకు, మూడోది ఆరో నెలలో. చివరి డోసు అయ్యాక ఒకటి రెండు నెలలకు ఇంకో పరీక్ష చేస్తారు. వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు 10కి పైన ఉంటే ఆమెకు రక్షణ వచ్చినట్టే. అది తేలేదాకా కండోమ్ వాడాలి, పిల్లల ఆలోచన వాయిదా వేసుకోవాలి. పెళ్లి రెండు నెలల్లో ఉందంటే ఈ వారం మొదలుపెడితే పెళ్లినాటికి రెండు డోసులు అయిపోతాయి. ముహూర్తం మార్చాల్సిన అవసరం కూడా లేదు. ఆమెకు వైరస్ లేకుండా, రక్షణ ఉంటే, పుట్టే బిడ్డకు కాన్పులో సోకడానికి దారే లేదు. బిడ్డకూ పుట్టిన రోజే టీకా వేయించండి. పిల్లల్ని కనొచ్చు, నిశ్చింతగా కనొచ్చు.

ఇదంతా జరగాలంటే ఆమెకు తెలియాలి. ఇప్పుడు మీ ముందు నాలుగు దారులున్నాయి.

మీ అన్నయ్య చెప్పిన దారి, దాచడం. పెళ్లయిన మొదటి రోజు నుంచే ఆమెకు తెలియకుండా ఆమెను ప్రమాదంలో పెట్టడమది. టీకాకు తీసుకెళ్లలేరు, కండోమ్ ఎందుకో చెప్పలేరు, ఆరు నెలలకోసారి ఎక్కడికెళ్తున్నారో చెప్పలేరు, మాత్రల డబ్బా ఎక్కడ దాస్తారు? ఆమె గర్భం దాల్చగానే చేసే మొదటి రక్తపరీక్షల్లో హెపటైటిస్ బి ఒకటి. పాజిటివ్ వస్తే ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న ఆ రోజే లేస్తుంది. ముందు వేలెత్తేది ఆమె వైపే. పెద్దవాళ్లలో ఎక్కువమందికి తగ్గిపోతుందని పైన రాశాను గానీ, సోకినప్పుడే లివర్ ఫెయిలై ప్రాణం మీదికి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇలాంటివి దాచి చేసుకున్న పెళ్లిళ్లు కోర్టుల దాకా వెళ్తున్నాయి కూడా. ఈ దారి వద్దని గట్టిగా చెబుతున్నాను.

సాకు చెప్పి వదులుకోవడం రెండో దారి. మీకది త్యాగంలా అనిపిస్తోంది, ఉత్తరంలో ఆ ధ్వని ఉంది. కానీ నిశ్చితార్థమయ్యాక కారణం లేకుండా సంబంధం ఆగితే ఆ ఊళ్లో ఏమంటారో మీకు తెలియనిది కాదు. 'పిల్లలో ఏం చూశారో ఏమో' అంటారు. రేపు ఆమెకు వచ్చే ప్రతి సంబంధం దగ్గరా ఆ మాట ముందు వెళ్తుంది. మీ జబ్బుకు ఆమె పేరు పోతుంది. నిజంగా వదులుకోవాలనే అనిపిస్తే కారణం చెప్పి వదులుకోండి, అప్పుడు కనీసం ఆమె తల ఎత్తుకు తిరుగుతుంది.

మేనమామతో చెప్పించడం మూడోది. పెద్దమనిషి మధ్యలో ఉంటే మాట పద్ధతిగా వెళ్తుందన్నది నిజమే. సంబంధం తెచ్చింది ఆయనే కాబట్టి ఆయనకు చెప్పకుండా ఉంచడమూ బాగుండదు. కానీ ఆయన నోటి నుంచి అది 'లివర్‌కు ఏదో చిన్న ఇన్‌ఫెక్షన్, మందులు వాడుతున్నాడు' అని వెళ్లొచ్చు, లేకపోతే 'తల్లికి వచ్చిన క్యాన్సరే' అని వెళ్లొచ్చు. రెండూ నిజం కాదు. ఆమె ప్రశ్నలకు ఆయన దగ్గర జవాబులుండవు.

నాలుగోది, మీరే ఆమెకు చెప్పడం. నా మొగ్గు ఇటే. ఫోన్‌లో కాదు, ఎదురుగా. రిపోర్టులన్నీ తీసుకెళ్లండి. "గల్ఫ్ మెడికల్‌లో నాకు హెపటైటిస్ బి అని తేలింది. పుట్టినప్పుడు అమ్మ నుంచి సోకి ఉంటుందట. నేను బాగానే ఉన్నాను. కలిసి తినడం వల్ల, పక్కన కూర్చోవడం వల్ల అంటదు, రక్తం ద్వారా, దాంపత్యం ద్వారా అంటుంది. నీకు టీకా వేయించుకుంటే అంటదు. నాతో పాటు డాక్టరు దగ్గరికి రా, నాకు చెప్పినవన్నీ నీకూ చెబుతారు. ఆలోచించుకుని చెప్పు, ఏం చెప్పినా నేను తప్పు పట్టను" అనండి. ఇన్నాళ్లూ ఫోన్ ఎందుకు పెట్టేశారో కూడా చెప్పేయండి. ఆమె ఈపాటికి ఇంకేదో ఊహించుకుని ఏడుస్తూ ఉండొచ్చు.

దీనికీ ఖరీదు ఉంటుంది. ఆమె వద్దనొచ్చు. ఆమె సరేనన్నా వాళ్లింట్లో వద్దనొచ్చు. మాట బయటికి పొక్కి ఊళ్లో తెలియొచ్చు. బయట చెప్పొద్దని అడగండి, కానీ తల్లిదండ్రులకు చెప్పొద్దని మాత్రం అడగకండి, అది ఆమె హక్కు. వద్దంటే బాధ పడతారు, ఆ బాధను నేను తీర్చలేను. కానీ మీ పరిస్థితి తెలిసి ఒప్పుకునేవాళ్లతో మొదలయ్యే సంసారంలో మాత్రల డబ్బా అల్మారాలో అందరికీ కనబడేలా ఉంటుంది.

ఇప్పుడు మీ అన్నయ్య గురించి. దాచమంటున్నాడు, పసరుకు తీసుకెళ్తున్నాడు, తను మాత్రం పరీక్ష చేయించుకున్నట్టు మీరు రాయలేదు. ఆయనా అదే తల్లి కడుపున పుట్టాడు కదా! ఆయన హడావుడి వెనక తన భయమే ఉందేమో అనిపిస్తోంది నాకు. మీ అక్కకు ఇద్దరు పిల్లలన్నారు. అన్నయ్యకు, అక్కకు, నాన్నగారికి హెచ్‌బీఎస్‌ఏజీ (ఈ వైరస్ పైపొర ప్రొటీన్ రక్తంలో ఉందా అని చూసే) పరీక్ష చేయించాలి. అన్నయ్య పాజిటివ్ అయితే వదినకు, వాళ్ల పిల్లలకు కూడా. వదిన గ్లాసు మీద గుర్తు పెట్టి పిల్లల్ని కాపాడుకుంటున్నాననుకుంటోంది. ముప్పు గ్లాసులో లేదు, ఉంటే అదే ఇంట్లో ఇంకెవరి రక్తంలోనో ఉండొచ్చు. ఇది దెప్పిపొడిచినట్టు కాకుండా చెప్పండి. భయపడ్డ తల్లి చేసిన పని అది. కంచం, గ్లాసు, బాత్రూం, ఒకే పళ్లెంలో తినడం, పిల్లల్ని ఎత్తుకోవడం, వీటివల్ల అంటదు. వేరుగా ఉంచాల్సినవి రేజరు, బ్లేడు, టూత్ బ్రష్, నెయిల్ కట్టర్. కరెంటు పని చేసేటప్పుడు చేయి తెగితే రక్తం ఎవరికీ తగలకుండా కట్టు కట్టుకోండి. మంగలి షాపులో మీకు వాడిన బ్లేడు పారేయించండి.

పసరు ఆపేయండి. అందులో ఏ ఆకు ఉందో పోసేవాళ్లు చెప్పరు, లివర్‌కే నేరుగా దెబ్బ కొట్టే ఆకులూ ఉన్నాయి. కామెర్లు తగ్గాయని జనం చెప్పుకునేవి చాలావరకు వాటంతటవే తగ్గే రకాలు. మీకసలు కామెర్లే లేవు. కల్లు, మందు ముట్టుకోవద్దు, పెళ్లి దావతులోనైనా సరే.

ఏజెంటుకు రూపాయి ఇవ్వకండి. మాత్రలు వాడితే వైరస్ లెక్క పడిపోతుంది గానీ గల్ఫ్ మెడికల్‌లో చూసే హెచ్‌బీఎస్‌ఏజీ అంత త్వరగా నెగెటివ్ కాదు, లివర్ కణాల్లో అతుక్కున్న ఆ ముక్కలు కూడా దాన్ని తయారు చేస్తూనే ఉంటాయి. ఎవరి రక్తమో ఇచ్చి సెట్ చేసినా అక్కడ దిగాక మళ్లీ పరీక్ష చేయొచ్చు, దొరికితే విమానమెక్కించి వెనక్కి పంపొచ్చు. అదే జరిగితే అప్పుతో తిరిగొస్తారు. మీ చేతిలో ఎలక్ట్రీషియన్ పని ఉంది, ఇక్కడ ఆ పని చేయడానికి ఈ వైరస్ ఏ అడ్డూ కాదు.

వరస ఇలా పెట్టుకోండి: ముందు డాక్టరు దగ్గర అమ్మగారి సంగతి చెప్పడం, ఆయన ఏమన్నారో రాసుకోవడం, ఆ వారంలోనే అమ్మాయిని కలవడం. అక్కకు మాత్రం ఇవాళే ఫోన్ చేయండి. కాన్పులప్పుడు ఈ పరీక్ష చేశారా, ఏం వచ్చింది, పాత ఫైళ్లు తీసి చూడమనండి.